తారీఖు

మా ఇంట్లో పాతతరం వాళ్లెవరికీ పుట్టిన తారీఖు లేదు. నీ వయసెంత అని నాయినమ్మను అడిగితే "పోలీసు యాక్షన్ అయినంక రెండేండ్లకు నా లగ్గమైంది, లెక్కేస్కో" అనేది. ఆమె తమ్ముడు రజాకార్లు తిరిగిన ఏడు పుట్టాడు. మా బాపుకు తారీఖు ఉంది, కానీ అది బడిపంతులు దయ. జూలై 1. బాపుతో కలిసి బళ్లో చేరిన వాళ్లందరిదీ జూలై 1. ఊరు ఊరంతా ఒకే రోజు పుట్టినట్టు రికార్డు.

ఊరంటే ఘనపూర్. ఈ పేరు చెప్పగానే ఏ ఘనపూర్ అని అడుగుతారు. భూపాలపల్లి దిక్కు కాకతీయుల కోటగుళ్లున్న గణపురం వేరు. మాది జనగామకూ కాజీపేటకూ మధ్య రైలాగే ఘనపూర్. అందుకే స్టేషన్ ఘన్‌పూర్.

తారీఖు అన్న మాటకు మా దగ్గర రెండర్థాలున్నాయి. క్యాలెండర్‌లో ఉండేది ఒకటి, కోర్టులో పడేది ఇంకొకటి. మూడో అర్థం ఆఫీసులో ఉర్దూ తెలిసిన మిత్రుడొకడు చెప్పాడు. ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడానట. ఈ మూడూ ఒకే మాటలో ఎందుకు కలిశాయో ఒక తీర్పు చదివాక నాకు బాగా అర్థమైంది. ఆ తీర్పు దొరకడం యాదృచ్ఛికమే. కారణం మాత్రం మా ఇంటిదే.

బాపుకు ఒక భూమి కేసుంది. ఎకరం పది గుంటలు. నేను బీటెక్ మూడో ఏడులో ఉండగా మొదలైంది, ఇంకా నడుస్తూనే ఉంది. పహాణీలో పేరు మారిన రోజు అక్కడున్న రెవెన్యూ ఉద్యోగి ఒకాయన చుట్టూనే కేసంతా తిరుగుతుంది. అవతలి పక్షం ఆయన్ను సాక్షిగా పిలుస్తామని లిస్టులో రాసింది, తర్వాత పిలవడం మానేసింది. తెలిసిన సాక్షిని తేకుండా దాచేస్తే కోర్టు ఏమనుకోవాలి? వకీలు సారును అడిగితే "ఎవిడెన్స్ యాక్ట్ 114, జీ ఉదాహరణ" అని ఒక్క ముక్క అన్నాడు. ఎర్రర్ కోడ్ ఇస్తే వెతుక్కోవడం మా వృత్తి కదా, ఆ రాత్రే కూర్చున్నాను. దాచిపెట్టిన సాక్ష్యం బయటికొస్తే దాచినవాడికే నష్టమని కోర్టు ఊహించుకోవచ్చు అని ఆ ఉదాహరణ చెబుతుంది. దాని కింద పదేపదే కనబడిన కేసు పేరు: హబీబ్ మొహమ్మద్ వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్. సుప్రీంకోర్టు, 1953 అక్టోబర్.

తెరిస్తే మొదటి పేజీల్లోనే గుర్తూరు అన్న పేరు.

గుర్తూరు తొర్రూరు దగ్గర ఊరు, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. మా ఘనపూర్ నుంచి పాలకుర్తి మీదుగా బండి మీద పోవచ్చు. నాయినమ్మ వాళ్లది తొర్రూరు దిక్కే. "గుర్తూరు కాలిన ఏడు" అన్న మాట ఆమె నోట చిన్నప్పుడు విన్నాను. వయసులు లెక్కగట్టడానికి ఆమె వాడే గుర్తుల్లో అదొకటి. నేనెప్పుడూ అడగలేదు. మా దగ్గర కాలని గుడిసె ఏదని అనుకున్నానేమో.

ఆ "ఏడు"కు తీర్పులో తారీఖు ఉంది. 1947 డిసెంబర్ 9.

హబీబ్ మొహమ్మద్ వరంగల్ సుబేదార్. ఈ మాట వినగానే సైన్యంలో సుబేదార్ గుర్తొస్తాడు కానీ నిజాం రాజ్యంలో సుబా అంటే అనేక జిల్లాల ముక్క, సుబేదార్ దాని రెవెన్యూ పెద్ద. కలెక్టర్ కన్నా పైవాడు. ఆ రోజు పోలీసులనూ సైనికులనూ వెంటేసుకుని గుర్తూరు మీద పడ్డాడని, ఇళ్లు తగలబెట్టించాడని, పట్టుకున్న వాళ్లను కాల్చమని ఆజ్ఞ ఇచ్చాడని, మనుషులు చచ్చిపోయారని కేసు. ఫిర్యాదు నమోదైంది 1949 జనవరి ఆఖర్లో, అంటే ఏడాది దాటాక. ఆలస్యం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. తగలబెట్టించాడన్న మనిషే సుబాకు పెద్ద అయినప్పుడు ఫిర్యాదు ఎవరికిస్తారు? 1948 సెప్టెంబర్ 13న ఇండియా సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చి, 17న నిజాం లొంగిపోయేదాకా ఆ ప్రశ్నకు జవాబు లేదు.

ఇక్కడ ఆ కాలపు కోర్టుల గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు.

పోలీసు యాక్షన్ తర్వాత రాజ్యం మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి చేతికొచ్చింది. మిలిటరీ గవర్నర్. ఆయన ముందు రెండు రకాల ముద్దాయిలున్నారు. ఊళ్ల మీద పడ్డ రజాకార్లు, వాళ్లకు అండగా ఉన్న అధికారులు ఒకరకం. దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టులు, సంఘం రైతులు రెండోరకం. మొదటి రకం రెండో రకాన్ని చంపింది, రెండోది మొదటిదాన్ని చంపింది. కొత్త ప్రభుత్వం ఇద్దరి కోసమూ ఒకే యంత్రం తయారుచేసింది. స్పెషల్ ట్రిబ్యునల్. దాని చట్టం పేరు 1358 ఫస్లీ నాటి అయిదో రెగ్యులేషన్. (ఫస్లీ నిజాం సర్కారు క్యాలెండర్. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. సైన్యం వచ్చి పడ్డాక కూడా చట్టాల మీద తారీఖులు పాతవే.)

ఈ ట్రిబ్యునళ్లు తొందర కోసం పుట్టినవి. మామూలుగా ఉరిశిక్ష పడగల కేసయితే ముందు మేజిస్ట్రేట్ విని, ఇందులో పస ఉందని తేల్చాకే సెషన్స్ కోర్టుకు పంపాలి. ఇక్కడ ఆ మెట్టు లేదు. సాక్షి చెప్పిందంతా రాయక్కర్లేదు, సారాంశం రాస్తే చాలు. ముద్దాయి అడిగిన సాక్షి అనవసరమని ట్రిబ్యునల్‌కు తోస్తే పిలవక్కర్లేదు. మా ఫీల్డులో రిలీజ్ దగ్గర పడితే టెస్టింగ్ స్టెప్పులు ఎగ్గొడతారు చూడండి, అలాంటిది. అక్కడ పోయేది ఒక రాత్రి నిద్ర, ఇక్కడ తల.

సికింద్రాబాద్‌లో సాయంత్రం రైలెక్కి ఘనపూర్ వెళ్తుంటే మొదట వచ్చే ఊళ్లలో బీబీనగర్ ఒకటి. ఇప్పుడు ఎయిమ్స్ పేరుతో అందరికీ తెలుసు. 1948 జనవరి 10న ఆ స్టేషన్ దగ్గర రజాకార్లు ఊరి మీద పడి దోచుకున్న కేసులోనే ఖాసిం రజ్వీకి ఏడేళ్ల శిక్ష పడింది. అదీ ఈ స్పెషల్ ట్రిబ్యునల్ కేసే, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1953 జనవరిలో అక్కడా ఓడిపోయాడు, కానీ జడ్జీలందరూ ఒక్కమాట మీద లేరు. రజ్వీ సంగతి అందరికీ తెలిసిందే. శిక్ష ముగిశాక పాకిస్తాన్ వెళ్లిపోయాడు. నాకు ఆసక్తి ఉన్నది ఆ లైన్లో ఇంకొంచెం ముందుకెళ్తే వచ్చే స్టేషన్ మీద. జనగామ.

జనగామ అప్పుడు నల్లగొండ జిల్లాలో తాలూకా. ఈ వ్యాసం చదివేవాళ్లకు విసునూరు దేశ్‌ముఖ్ గురించీ, పాలకుర్తి ఐలమ్మ గురించీ, 1946 జూలై 4న కడవెండిలో తూటా దెబ్బకు పోయిన దొడ్డి కొమురయ్య గురించీ నేను కొత్తగా చెప్పక్కర్లేదు. విగ్రహాలున్నాయి, జయంతులున్నాయి, పాఠాలున్నాయి. విగ్రహం లేనిది ఆ తర్వాతి అధ్యాయానికి, కోర్టు అధ్యాయానికి. పోరాటంలో పట్టుబడ్డ వాళ్లలో పన్నెండు మందికి 1949లో స్పెషల్ ట్రిబ్యునల్ ఉరిశిక్షలు వేసింది. ఆ కాలంలో ఉరిశిక్ష పడ్డ వాళ్లలో కడవెండికే చెందిన నల్లా నర్సింహులు ఒకరు. ఆయన తర్వాత తన అనుభవాలను పుస్తకంగా రాశారు కూడా.

పన్నెండు మందీ హైదరాబాద్ హైకోర్టుకు అప్పీలు చేసుకున్నారు. 1949 డిసెంబర్‌లో హైకోర్టు శిక్షలు ఖాయం చేసింది.

ఆ నెల గుర్తుపెట్టుకోండి. అంతకు కిందటి నెల 26న ఢిల్లీలో రాజ్యాంగాన్ని ఆమోదించారు. అమల్లోకి వచ్చేది 1950 జనవరి 26న. అంటే పన్నెండు మంది తీర్పుకూ, చట్టం ముందు అందరూ సమానమన్న పద్నాలుగో అధికరణానికీ మధ్య దూరం సుమారు ఆరు వారాలు. మా ఆఫీసులో ఒక ఫీచర్ వాయిదా పడే వ్యవధి.

అప్పుడు ప్రపంచం కదిలింది. లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. బ్రిటన్‌లో పేరుమోసిన బారిస్టరు, పార్లమెంటు సభ్యుడిగా చేసినవాడు. 1930ల మొదట్లో హాంకాంగ్‌లో పట్టుబడ్డ హో చి మిన్ తరఫున ప్రివీ కౌన్సిల్‌లో నిలబడ్డవాడు. తర్వాత కెన్యాలో జోమో కెన్యాట్టా కోసం వాదించబోయేవాడు. హో చి మిన్‌కూ కెన్యాట్టాకూ నడుమ ఆ మనిషి జాబితాలో నల్లగొండ రైతులున్నారు. ఈ వాక్యం నా స్నేహితులకు చెబితే సగం మంది నమ్మలేదు.

సుప్రీంకోర్టుకు అప్పటికి సొంత భవనం లేదు. పార్లమెంటు భవనంలో, బ్రిటిష్ జమానాలో సంస్థానాధీశుల సభ కూర్చునే గదిలో పనిచేసేది. దేశంలో అందరికన్నా పెద్ద సంస్థానాధీశుడి రాజ్యంలో ఉరిశిక్ష పడ్డ రైతుల కేసు, రాజుల గదిలో.

ఆ గదిలో తేలాల్సిన మొదటి ప్రశ్న వాళ్లు దోషులా కాదా అన్నది కాదు. అసలు ఈ కోర్టు వాళ్ల మొర వినొచ్చా అన్నది. 1950 డిసెంబర్‌లో కోర్టు వినలేమంది. ప్రత్యేక అనుమతి మీద అప్పీలు వినే అధికారాన్ని రాజ్యాంగంలోని 136వ అధికరణం ఇస్తుంది. దేశంలో ఏ మూలైనా అన్యాయం జరిగితే అందుకోవడానికి పెట్టిన పొడుగు చెయ్యి అది. కానీ అది భారత భూభాగంలోని కోర్టుల తీర్పుల మీదే పనిచేస్తుంది. హైదరాబాద్ హైకోర్టు ఈ తీర్పు ఇచ్చిన రోజున, అంటే 1950 జనవరి 26కు ముందు, హైదరాబాద్ భారత భూభాగం కాదు. కనుక అప్పీలు లేదు.

ఇది చదివి నేను ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. ఇండియా సైన్యం వచ్చింది, ఇండియా పంపిన జనరల్ పాలించాడు, ఆయన రాజ్యంలో ఆయన ట్రిబ్యునల్ ఉరి వేయమంది. శిక్ష వేసేటప్పుడు మేం ఇండియానే, అప్పీలుకొచ్చేసరికి కాదు. చట్టం ప్రకారం చూస్తే ఆ తర్కంలో తప్పు పట్టడం కష్టమే, అంత శుభ్రంగా ఉంది. నిజాం రాజ్యానికి పాత కాలంలో ప్రివీ కౌన్సిల్ లాంటి సొంత ఏర్పాటు ఉండేది, జుడీషియల్ కమిటీ అని. జనవరి 26న అదీ మూతబడింది. అక్కడ అప్పటికే నడుస్తున్న అప్పీళ్లు ఢిల్లీకి బదిలీ అయ్యాయి, కానీ ఈ పన్నెండు మందివి అందులో లేవు. పాత తలుపు మూసుకుంది, కొత్త తలుపు మీద అప్పటికే తారీఖు రాసి ఉంది.

ప్రిట్ ఆగలేదు. అప్పీలు కాకపోతే హెబియస్ కార్పస్. ఈ మనుషుల్ని జైల్లో పెట్టడమే చెల్లదు, ఎందుకంటే ఆ విచారణ విచారణే కాదు అని వాదన. వకీలును పెట్టుకునే అవకాశం సరిగ్గా ఇవ్వకుండా ఉరి ఎలా వేస్తారు? దీనికి ఆయన అమెరికా సుప్రీంకోర్టు 1932లో ఇచ్చిన పావెల్ వర్సెస్ అలబామా తీర్పును అడ్డం పెట్టాడు. అదీ ఒక రైలు కథే. 1931లో అలబామాలో గూడ్సు రైల్లోంచి తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్లను దించి, అత్యాచారం చేశారని అబద్ధపు కేసు పెట్టి, రోజుల వ్యవధిలో విచారణ ముగించి ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. చావు కేసులో, చదువూ డబ్బూ లేని ముద్దాయికి వకీలును సమకూర్చడం కోర్టు బాధ్యతే అని అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. స్కాట్స్‌బరో కుర్రాళ్లకు వర్తించింది కడవెండి, నల్లగొండ మనుషులకు వర్తించదా?

1951 మార్చి 16న సుప్రీంకోర్టు వర్తించదంది. ఇక్కడి చట్టం వకీలును పెట్టుకునే హక్కు ఇస్తుంది, కోర్టే వెతికి పెట్టాలని చెప్పదు. విచారణలో లోపాలుంటే అవి అప్పీలులో చూసుకోవాల్సినవి, హెబియస్ కార్పస్‌కు పనికిరావు. అప్పీలో? అది డిసెంబర్‌లోనే లేదన్నారు.

ఆ తీర్పు రాసింది జస్టిస్ ఫజల్ అలీ. కక్ష నాకు ఈయన మీద కాదు, కానీ ఈయన దగ్గర ఆగకుండా ఉండలేను. అంతకు ముందు ఏడాదే ఎ.కె. గోపాలన్ కేసులో, ఒక కమ్యూనిస్టు నాయకుడి నిర్బంధం విషయంలో, మిగతా జడ్జీలతో విభేదించి, చట్టం కాగితం మీదుంటే చాలదు, ఆ చట్టం చూపే పద్ధతి న్యాయంగా ఉండాలి అని రాసింది ఈయనే. లా కాలేజీల్లో ఆ భిన్నాభిప్రాయాన్ని ఇప్పటికీ దండలేసినట్టు చదువుతారు, దాని దారిలోకి సుప్రీంకోర్టు రావడానికి 1978 దాకా పట్టింది. అలాంటి జడ్జికి కూడా తారీఖుకు అవతలున్న పన్నెండు మందిని ఇవతలికి లాగే మార్గం కనపడలేదు. పెద్ద మనసున్న మనిషి చిన్న తలుపు దగ్గర ఏం చేయగలడో, ఏం చేయలేడో చూడాలంటే ఆ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఉరి మాత్రం పడలేదు. దేశంలోనూ బయటా జరిగిన ఆందోళన వల్ల చివరికి శిక్షలు యావజ్జీవంగా మారాయి. ప్రాణాలు దక్కింది దయతో, హక్కుతో కాదు.

ఇప్పుడు గుర్తూరుకు తిరిగి వద్దాం.

సుబేదార్ కేసు కూడా మొదట ట్రిబ్యునల్ దారిలోనే బయల్దేరింది. కానీ నెమ్మదిగా నడిచింది. 1949 ఆఖరుకు, రాజ్యాంగం వస్తుందనగా, 1359 ఫస్లీ నాటి పదో రెగ్యులేషన్ వచ్చి ట్రిబ్యునళ్ల స్థానంలో స్పెషల్ జడ్జీలను పెట్టింది. కేసు ఒక స్పెషల్ జడ్జి దగ్గరికి పోయింది. ఆయన ఉరిశిక్ష వేశాడు, 1950 మేలో. హైకోర్టులో ఇద్దరు జడ్జీలు విన్నారు. ఒకరు శిక్ష సరే అన్నారు, ఒకరు వదిలేయమన్నారు. మూడో జడ్జి మొదటాయన వైపు మొగ్గారు. ఉరి ఖాయం. కానీ ఇదంతా జనవరి 26 తర్వాత. అంటే ఇప్పుడు హైదరాబాద్ భారత భూభాగం. పొడుగు చెయ్యి అందుతుంది.

సుప్రీంకోర్టులో సుబేదార్ మొదట పన్నెండు మంది లాగే రాజ్యాంగం పేరు చెప్పి మొత్తం రెగ్యులేషనే చెల్లదన్నాడు. 1953 మార్చిలో కోర్టు ఒప్పుకోలేదు. తర్వాత అసలు కేసు విన్నారు, ఆ అక్టోబర్‌లో తీర్పు. నేను ఆ రాత్రి తెరిచింది దాన్నే.

సంఘటన రోజు గుర్తూరులో పోలీసు పెద్ద అధికారి ఒకాయన ఉన్నాడు. పేరు బియాబానీ. ఎవరు ఎవరికి ఏం ఆజ్ఞ ఇచ్చారో తెలిసిన మనిషి. కాల్చమన్నది సుబేదారా కాదా అన్న ప్రశ్న మీదే ఒక ప్రాణం వేలాడుతున్నప్పుడు ఆయన కన్నా ముఖ్యమైన సాక్షి ఎవరుంటారు? ప్రాసిక్యూషన్ ఆయన్ను బోనెక్కించలేదు. అబద్ధం చెబుతాడని కూడా అనలేదు, ఊరికే తేలేదు. మరోపక్క ముద్దాయి తన సాక్షుల్ని పిలిపించమంటే కింది కోర్టు కుదరదంది. సుప్రీంకోర్టు చెప్పింది స్థూలంగా ఇది: ఏం జరిగిందో చెప్పగల ముఖ్య సాక్షిని, అతను తనకు అనుకూలమా కాదా అని చూసుకోకుండా కోర్టు ముందు పెట్టడం ప్రాసిక్యూషన్ విధి. దాచేస్తే ఆ కేసు బలం మీదే కాదు, విచారణ న్యాయంగా జరిగిందా అన్నదాని మీదే నీడ పడుతుంది. సుబేదార్ నిర్దోషి అని విడుదల చేశారు.

ఈ దేశంలో నిందితుడికి న్యాయమైన విచారణ గురించి మాట్లాడేటప్పుడు చెప్పుకునే పునాది తీర్పుల్లో ఇదొకటి. హత్య కేసుల్లో, ఎన్‌కౌంటర్ కేసుల్లో, పేదవాడి మీద పోలీసులు పెట్టిన కేసుల్లో డెబ్బై ఏళ్లుగా వకీళ్లు దీన్ని చూపిస్తున్నారు. గుర్తూరు అనే ఊరుందని వాళ్లలో చాలామందికి తెలిసి ఉండదు.

దసరాకు ఇంటికి పోయినప్పుడు బాపుకు ఇదంతా చెప్పాను. మక్కజొన్న కంకులు ఒలుస్తూ విన్నాడు. పన్నెండు మంది కథ దగ్గర ఏమీ అనలేదు. సుబేదార్ విడుదల దగ్గర చెయ్యి ఆగింది.

"ఇడిశిపెట్టిండ్రా?"

"సాక్షిని తేలేదు కదా బాపూ. మన కేసుల తేనట్టే."

"గది సరే. మరి ఊరు తగలవెట్టింది ఎవలు?"

నా దగ్గర జవాబు లేదు. తీర్పు ఆ ప్రశ్న దాకా వెళ్లదు, వెళ్లే పని కూడా దానిది కాదు. సుబేదార్ చేశాడని రుజువు కాలేదు అంటుంది. ఎవరు చేశారో అనదు. గుర్తూరు వాళ్లు బోనెక్కి చెప్పింది చెప్పారు, తీర్పులో వాళ్లు పీడబ్ల్యూ అనే అక్షరాల పక్కన అంకెలయ్యారు, ఇంటికెళ్లారు. తొందరగా శిక్ష పడాలని మెట్లు ఎగ్గొట్టిన పద్ధతి, సాక్షిని తేని ప్రాసిక్యూషన్, రెండూ కలిసి ముందు ముంచింది ఆ ఊరినే.

అయినా నేను ఆ తీర్పు వైపే ఉన్నాను. ఇది బాపుకు చెప్పడం కష్టమైంది, నాకు నేను చెప్పుకోవడం కూడా. పోలీసు యాక్షన్ తర్వాత నెలల్లో ఏం జరిగిందో ఇప్పుడు మనకు తెలుసు. మరాఠ్వాడాలో, ఇంకా చాలా చోట్ల ముస్లింల మీద జరిగిన హత్యాకాండను చూసొచ్చిన సుందర్‌లాల్ కమిటీ రిపోర్టును సర్కారు దశాబ్దాల పాటు బీరువాలో పెట్టుకుంది. అలాంటి గాలిలో ఒక ముస్లిం అధికారిని, ముఖ్య సాక్షి లేకుండా, అతని సాక్షుల్ని పిలవకుండా ఉరి తీసుంటే దాన్ని ప్రతీకారం అనాలి, తీర్పు అనకూడదు. అందులో నాకు అనుమానం లేదు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆయన్ను వదిలేయడం కాదు. అదే యంత్రంలో నలిగిన పన్నెండు మంది రైతులు అదే గదికి, అదే కోర్టుకు, ఆయన కన్నా ముందే వచ్చి, మీ విచారణ న్యాయంగా జరిగిందో లేదో మేం చూడం అనిపించుకుని తిరిగిపోవడం. వాళ్ల కేసులో ఎంతమంది బియాబానీలు ఉన్నారో ఎవరు చూశారు? ముద్దాయిలుగా వాళ్లకూ సుబేదారుకూ ఉన్న పెద్ద తేడా, వాళ్ల కేసు తొందరగా తేలడం. మన దగ్గర కేసులు ఆలస్యమవుతాయని ఏడుస్తాం. ఆలస్యం వల్ల బతికిన ఉరి ఇది, తొందర వల్ల చిక్కిన ఉరి అది.

తారీఖు గొడవ వాళ్లతో ఆగలేదు. ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లకు హత్య కేసులో ఉరిశిక్ష పడింది. వాళ్లను ఉరి తీయొద్దని దేశమంతా పెద్ద ఉద్యమం నడిచింది, విదేశాల్లోని మేధావులూ గొంతు కలిపారు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. సమానత్వ హక్కు, జీవించే హక్కు కోసం కోర్టు గడప ఎక్కే వీల్లేదని రాష్ట్రపతి ఉత్తర్వు. డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఇద్దర్నీ ఉరి తీశారు. 1949లో హక్కులు ఇంకా మొదలు కాలేదు, 1975లో తాత్కాలికంగా ఆపి ఉన్నాయి. ఆ జైలును తర్వాత పడగొట్టి గాంధీ ఆసుపత్రి కట్టారు. నేను ఇంటర్వ్యూల కోసం తిరిగే రోజుల్లో ఆ గోడల పక్కనుంచి బస్సులో ఎన్నిసార్లు పోయానో.

వకీలు విషయంలో మాత్రం ప్రిట్ ఓడిపోయిన వాదన మెల్లగా గెలిచింది. 1976లో రాజ్యాంగంలోకి ఉచిత న్యాయసహాయం 39ఏ అధికరణంగా వచ్చింది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో, బిహార్ జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గిన విచారణ ఖైదీల గురించి, పేదవాడికి వకీలును ఇవ్వని పద్ధతి న్యాయమైన పద్ధతి కాదని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రిట్ అప్పటికి ఏడేళ్ల కిందటే చనిపోయాడు.

2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాయి. ఎవిడెన్స్ యాక్ట్ పోయి సాక్ష్య అధినియం వచ్చింది, 114 కాస్తా 119 అయింది. ఆ రోజుకు ముందు మొదలైన విచారణలకు పాతదే వర్తిస్తుంది. వకీలు సారు ఇది చెబుతుంటే బాపు నవ్వాడు. జూలై 1 అంటే తన పుట్టినరోజు కదా.

మా కేసు పాతది, కాబట్టి మాకు 114 వర్తిస్తుంది. హబీబ్ మొహమ్మద్ తీర్పు ప్రింటవుట్ తీసి, ముఖ్యమైన చోట పసుపు రంగు గీసి, సారు ఫైల్లో పెట్టాను. క్రిమినల్ కేసు కదా, మనకెట్ల పనికొస్తది అన్నాడు, అయినా తీసుకున్నాడు. మొన్న పేషీకి నేను కూడా వెళ్లాను. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాం. మా నంబరు పిలిచారు. రెండు నిమిషాల్లో బయటికొచ్చాం. ఆ రెవెన్యూ ఉద్యోగికి సమన్లు పంపమని మా సారు అడిగారట, వచ్చేసారి చూద్దామన్నారట.

"ఏమైంది?" అని అవ్వ ఫోన్ చేసింది.

"తారీఖు పడ్డది" అన్నాడు బాపు. జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నాడు. ఆ డైరీలో పుట్టినరోజులేవీ ఉండవు, ఇవే ఉంటాయి.